తీరం దాటాక లెక్కపెట్టేదెవరు?

2017 సెప్టెంబరు 20, బుధవారం. మధ్యాహ్నం 3 గంటల 45 నిమిషాలు. హైదరాబాదులో నా బల్లమీద సగం దిద్దిన పరిశోధనా పత్రం అలాగే ఉంది. ఎదురుగా కంప్యూటర్ తెరమీద ఒక మబ్బుల చక్రం గిర్రున తిరుగుతోంది. దాని మధ్యనున్న చిన్న చుక్క అప్పుడే ప్యూర్టోరికో దీవి ఆగ్నేయ తీరంలో యాబుకోవా దగ్గర నేలను తాకింది. అక్కడ తెల్లవారుజాము దాటి 6.15 అయింది. గాలి వేగం గంటకు 250 కిలోమీటర్లు. తుపాను పేరు మరియా.

ఆ దీవిలో నాకొక మిత్రురాలుంది. నాలాగే సామాజికశాస్త్రం చదువుకున్న మనిషి. ఒక సదస్సులో పరిచయమై, స్త్రీల ఇంటిచాకిరీ గురించి గంటలకొద్దీ వాదించుకుని దగ్గరైనవాళ్లం. "అమ్మ దగ్గరికి వచ్చేశాను. కిటికీలకు చెక్కలు కొట్టాం. ఉన్న గిన్నెలన్నిట్లో నీళ్లు పట్టాం. అమ్మ ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది, కరెంటు పోకపోతే చాలు" అని ముందురోజు కబురు పెట్టింది. ఆ తర్వాత దాదాపు నెలన్నర ఆమె నుంచి మాట లేదు.

మరియాను నేను నాలుగు రోజులు వెంటాడాను. వాతావరణ శాస్త్రం నా రంగం కాదు. కానీ మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో బతికి బయటపడ్డ మనిషి. ఆ కథలు వింటూ పెరిగిన నాకు సముద్రంలో సుడి కనిపిస్తే కళ్లు తిప్పుకోవడం చేతకాదు. ఆ నాలుగు రోజుల చూపు గురించీ, ఆ చూపు ఆగిపోయిన చోటు గురించీ ఇక్కడ రాస్తున్నాను. తుపాను ప్రాంతాల్లో పనిచేస్తున్న మనకు ఇది దూరదేశపు వార్త కాదనుకుంటాను.

చూపు ఎంత నిశితమైందో

ముందు శాస్త్రానికి ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చేద్దాం. మయామీలో ఉన్న అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం ప్రతి ఆరు గంటలకొక బులెటిన్ ఇస్తుంది. తుపాను దగ్గరపడితే మూడు గంటలకొకటి. కేంద్రం ఎక్కడుంది, ఎటు కదులుతోంది, గాలి ఎంత, పీడనం ఎంత అన్నవి అందులో ఉంటాయి. రాబోయే అయిదు రోజుల్లో తుపాను కేంద్రం ఎటువైపు పోవచ్చో చూపించే తెల్లటి శంకువు ఆకారం ఒకటి పటంమీద గీస్తారు. ఉపగ్రహాల చూపు చాలదని విమానాలు నేరుగా తుపాను కన్నులోకి పోతాయి. చిన్న పారాచూట్లు కట్టిన పరికరాలను లోపల జారవిడుస్తాయి. అవి సముద్రంలో పడేలోపు గాలినీ, పీడనాన్నీ, తేమనూ కొలిచి పంపుతాయి.

సెప్టెంబరు 16న చిన్న అల్పపీడన కేంద్రంగా మొదలైన మరియా, 17వ తేదీ సాయంత్రానికి హరికేన్ అయింది. అక్కడి నుంచి సుమారు ముప్పై గంటల్లోపే అయిదో తరగతికి, అంటే కొలబద్దలో అన్నిటికన్నా పై మెట్టుకు చేరింది. అది దాదాపు ఎటు పోతుందో చెప్పగలిగారు కానీ ఇంత వేగంగా ఇంత బలపడుతుందని ముందు చెప్పలేకపోయారు. దారి చెప్పడంలో శాస్త్రం చాలా ముందుకు వచ్చింది. బలం ఒక్కసారిగా పెరగడాన్ని పట్టుకోవడంలో ఇంకా వెనకే ఉంది. వేడెక్కుతున్న సముద్రాల కాలంలో ఇది చిన్న లోపం కాదు.

19వ తేదీ ఉదయం నేను లేచి చూసేసరికి (అక్కడ ఇంకా 18 రాత్రే) డొమినికా అనే చిన్న దీవి మీదుగా మరియా వెళ్తోంది. గాలి వేగం గంటకు 265 కిలోమీటర్లకు పైనే. ఆ దేశ ప్రధాని రూజ్‌వెల్ట్ స్కెరిట్, తన ఇంటి కప్పే ఎగిరిపోయిందని ఫేస్‌బుక్‌లో రాశాడు. కాసేపటికి ఆ దీవి నుంచి మాటలు ఆగిపోయాయి. ప్రధాని ఇంటికప్పే నిలవని చోట రేకులకింద పిల్లల్ని పొదువుకుని కూర్చున్న ఆడవాళ్ల సంగతి ఎవరు రాస్తారు? చనిపోయినవాళ్లూ, ఆచూకీ తెలియకుండా పోయినవాళ్లూ కలిపి 65 మంది అని తర్వాత తేలింది. మొత్తం జనాభా 70 వేల చిల్లర ఉన్న దేశానికి అది చిన్న సంఖ్య కాదు.

ఆ తర్వాత మరియా ఇంకా బలపడి గంటకు 280 కిలోమీటర్ల గాలితో ప్యూర్టోరికో వైపు తిరిగింది. తీరం తాకే ముందు గాలి కాస్త తగ్గి నాలుగో తరగతికి దిగింది. అది చూసి నేను ఊపిరి పీల్చుకున్నాను. అది నా అజ్ఞానం. గాలి తగ్గిన ఆ కొద్ది గంటల్లోనే తుపాను కన్ను 17 కిలోమీటర్ల నుంచి 50 కిలోమీటర్లు దాటి విప్పారింది. దాని చుట్టూ ఉండే ప్రచండమైన గాలుల వలయం అంతకంతా విస్తరించింది. అంకె తగ్గింది, దెబ్బ తగిలే నేల పెరిగింది. అంకెలు చూసి తృప్తి పడకూడదని ఆ రోజు నేర్చుకున్న మొదటి పాఠం. ఆ పాఠం తర్వాత మృతుల లెక్కల దగ్గర మళ్లీ పనికొచ్చింది.

కయే కొండమీద ఉన్న వాతావరణ రాడార్‌ను గాలి విరిచేసింది. దీవి మొత్తానికి కరెంటు పోయింది. సెల్‌ఫోన్ టవర్లు నూటికి 95 పనిచేయడం లేదు. నా తెరమీద మాత్రం మబ్బుల చక్రం తిరుగుతూనే ఉంది. ఉపగ్రహం పైనుంచి తుపానును చూస్తోంది, దాని కింద ఉన్న 33 లక్షల మంది మాత్రం కనిపించడం లేదు. సాయంత్రానికి చక్రం దీవి దాటి సముద్రంలోకి వెళ్లింది. టీవీలు కూడా దానితో పాటే వెళ్లిపోయాయి.

ఆడపేర్ల సంగతి

మధ్యలో ఒక మాట చెప్పాలి. మరియా, ఇర్మా అని ఈ పేర్లేమిటని మన సంఘం సమావేశంలో ఒకమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఒకప్పుడు కరీబియన్‌లో తుపాను వచ్చిన రోజు ఏ పునీతుడి పండుగైతే ఆ పేరు పెట్టేవారు. 1899లో ప్యూర్టోరికోలో మూడువేల మందికి పైగా బలిగొన్నది సాన్ సిరియాకో. 1928లో వచ్చింది సాన్ ఫెలిపే. 1953 నుంచి అమెరికా వాతావరణ శాఖ అట్లాంటిక్ తుపానులకు అన్నిటికీ ఆడపేర్లే పెట్టడం మొదలుపెట్టింది. ఇక వార్తల్లో తుపాను "కన్నెర్రజేసింది", "మనసు మార్చుకుంది", "సరసమాడి వెళ్లింది". స్త్రీ అంటే చపలచిత్త, విధ్వంసకారిణి అన్న పాత కథే వాతావరణ వార్తల్లోకి ఎక్కింది.

ఫ్లోరిడాలో రాక్సీ బోల్టన్ అనే స్త్రీవాది దీనిమీద ఏళ్ల తరబడి పోరాడింది. విపత్తుకూ ఆడపేరుకూ ముడిపెట్టడానికి మీకేం హక్కుందని అధికారుల్ని నిలదీసింది. అంతగా పేర్లు కావాలంటే సెనేటర్ల పేర్లు పెట్టుకోండి, వాళ్లకు తమ పేరు నలుగురి నోళ్లలో నానడం ఇష్టమే కదా అని ఎత్తిపొడిచింది. నవ్వినవాళ్లు నవ్వారు. చివరికి 1979 నుంచి అట్లాంటిక్‌లో ఆడా మగా పేర్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. చిన్న విజయమే. కానీ పేరు మారినంత మాత్రాన తుపాను తర్వాతి చాకిరీ ఎవరి నెత్తిన పడుతుందన్నది మారలేదు. అసలు విషయం అక్కడుంది.

ఆగిపోయిన లెక్క

అక్టోబరు 3న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్యూర్టోరికో వచ్చాడు. 1898 నుంచి ఆ దీవి అమెరికా ఏలుబడిలో ఉంది. అక్కడివాళ్లు 1917 నుంచి అమెరికా పౌరులే, అయినా దీవిలో ఉన్నంతకాలం అధ్యక్షుడి ఎన్నికలో వాళ్లకు ఓటు లేదు. అలాంటి చోటికి వచ్చి, గుమిగూడిన జనంమీదికి కాగితపు తువ్వాళ్ల చుట్టలు విసిరాడు. అప్పటికి మృతులు 16 మంది అన్న లెక్కను చూపించి, వెయ్యిమందికి పైగా పోయిన కత్రినాతో పోల్చి మీరు గర్వపడాలన్నాడు. సాయం చాలడం లేదని గొంతెత్తిన సాన్ హువాన్ మేయర్ కార్మెన్ యులీన్ క్రూజ్‌ను అంతకుముందే తూలనాడాడు. అడిగే ఆడది గయ్యాళి, అడగని ఆడది బాధితురాలు. ఈ వరస మనకు తెలియనిది కాదు.

అధ్యక్షుడు వెళ్లిన సాయంత్రానికే లెక్క 34 అయింది. డిసెంబరుకు 64 అయింది. అక్కడ ఆగిపోయింది. నెలల తరబడి ప్రభుత్వం ఆ అంకె మీదే నిలబడింది.

ఎలా ఆగింది? తుపాను వల్లే పోయారని రాయాలంటే రాజధానిలోని ఫోరెన్సిక్ కార్యాలయం నిర్ధారించాలి. శవాన్ని సాన్ హువాన్‌కు తేవాలి, లేదా అక్కడి వైద్యుడు ఊరికి రావాలి. రోడ్లు తెగి, వంతెనలు కొట్టుకుపోయి, పెట్రోలు కోసం మైళ్లకొద్దీ వరసలు కట్టిన దీవిలో ఇది జరిగే పనేనా? గోడ కూలి మీదపడితే తుపాను మరణం. వరదలో కొట్టుకుపోతే తుపాను మరణం. ఆక్సిజన్ యంత్రానికి కరెంటు లేక మూడోవారం పోతే? డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు వెళ్లాల్సిన మనిషికి ఒక్కసారే కుదిరితే? ఇన్సులిన్ ఎండకు పాడైపోతే? వాళ్ల మరణ ధ్రువపత్రాల మీద గుండెజబ్బు, మధుమేహం అనే రాశారు. అబద్ధం కాదు. కానీ నిజమూ కాదు.

2018 మే నెలలో హార్వర్డ్ పరిశోధకులు 3,299 ఇళ్లు తిరిగి చేసిన సర్వే ఫలితాలు బయటికొచ్చాయి. ఏడాది చివరి వరకూ చూస్తే అదనపు మరణాలు 4,645 అని వాళ్ల అంచనా. సర్వే చిన్నది కాబట్టి అసలు సంఖ్య 793 నుంచి 8,498 దాకా ఎక్కడైనా ఉండవచ్చని వాళ్లే చెప్పారు. కింది అంచు తీసుకున్నా ప్రభుత్వం చెప్పిన 64కు పన్నెండు రెట్లు. ఆ మరణాల్లో దాదాపు మూడోవంతు వైద్యం ఆలస్యమవడం వల్లో, అందకపోవడం వల్లో జరిగినవి. జూన్ మొదటి తేదీన జనం తమవాళ్ల చెప్పులూ బూట్లూ తెచ్చి రాజధానిలో చట్టసభ ముందు వరసగా పెట్టారు. లెక్కలో లేనివాళ్లు తమ చెప్పులతో సాక్ష్యం చెప్పారు. ఆగస్టులో, ప్రభుత్వమే చేయించిన జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయ అధ్యయనం ఆరు నెలల కాలానికి 2,975 అదనపు మరణాలని తేల్చింది. ప్రభుత్వం చివరికి ఆ అంకెను ఒప్పుకుంది.

తుపాను కన్ను ఎన్ని కిలోమీటర్ల వెడల్పుందో గంటగంటకూ చెప్పగలిగిన రాజ్యం, తన పౌరులు ఎంతమంది పోయారో చెప్పడానికి పదకొండు నెలలు తీసుకుంది. ఇది చేతకానితనం కాదు. ఏది చూడదగ్గది, ఏది కాదన్న ఎంపిక.

చాకిరీని కొలిచే పరికరం ఏది?

ఇక్కడొక విషయం నిజాయితీగా చెప్పుకోవాలి. విపత్తుల్లో ఆడవాళ్లే ఎక్కువ చనిపోతారని మనం తరచూ అంటాం. 1991 బంగ్లాదేశ్ తుపానులో అది నిజం. అనుమతి లేక ఇల్లు కదలలేక, పిల్లల్ని వదల్లేక, ఈత రాక ఆడవాళ్లు మగవాళ్లకన్నా ఎన్నోరెట్లు ఎక్కువగా పోయారు. ప్యూర్టోరికోలో ఆరు నెలల పొడుగునా ప్రమాదం ఎక్కువగా ఉన్నది 65 ఏళ్లు దాటిన మగవాళ్లకు. బీద మునిసిపాలిటీలలో ఉన్నవాళ్లకు మరణ ప్రమాదం 45 శాతం పెరిగింది. మన నినాదానికి సరిపోలేదని ఈ వాస్తవాన్ని దాచిపెట్టలేం. దాచాల్సిన అవసరమూ లేదు.

ఎందుకంటే స్త్రీల ప్రశ్న శవాల లెక్క దగ్గర ముగిసిపోదు. ఆ ముసలివాళ్లలో బతికినవాళ్లను బతికించిందెవరు అన్నది కూడా స్త్రీల ప్రశ్నే. హార్వర్డ్ సర్వే ప్రకారం ఏడాది చివరిలోపు ఒక్కో ఇల్లు సగటున 84 రోజులు కరెంటు లేకుండా, 68 రోజులు నీళ్లు లేకుండా, 41 రోజులు ఫోను లేకుండా గడిపింది. ఈ అంకెల్ని ఒకసారి వంటింట్లోంచి చదవండి. 84 రోజులు కరెంటు లేదంటే దీవి మొత్తంమీద ఎన్ని దుప్పట్లు చేత్తో ఉతకాలి? ఫ్రిజ్ లేకపోతే ఏ పూటకాపూట ఎన్నిసార్లు వండాలి? 68 రోజులు కుళాయి రాకపోతే ఎన్ని బకెట్లు మెట్లెక్కి మోయాలి? బడులు మూతపడితే పిల్లలు రోజంతా ఎవరి కొంగు పట్టుకుని ఉంటారు?

నవంబరులో నా మిత్రురాలి ఉత్తరం వచ్చింది. వాళ్లమ్మ బతికింది. ఎలా బతికిందో రాసింది. ఇన్సులిన్ చల్లగా ఉంచడానికి రోజూ తెల్లవారుజామున మంచుగడ్డల కోసం వరసలో నిలబడేది. అయిదారు గంటలు. వీధిలో ఇంకో ముగ్గురికి ఇన్సులిన్ కావాలి. ఆడవాళ్లు నలుగురూ వంతులు వేసుకున్నారు. ఒకరు మంచుకు, ఒకరు నీళ్లకు, ఒకరు అందరికీ వంటకు, ఒకరు మంచంలో ఉన్నవాళ్ల దగ్గరికి. "అప్పట్లో నిన్ను కలిసి ఇంటిచాకిరీ గురించి సిద్ధాంతాలు మాట్లాడాను. ఇప్పుడు దాని బరువు భుజాలకు తెలిసింది" అని రాసింది. ఆ వీధి నాలుగిళ్లలో ఎవరూ పోలేదు. కాబట్టి ఏ నివేదికలోనూ ఆ వీధి లేదు. జరగని మరణాన్ని ఎవరూ లెక్కపెట్టరు. దాన్ని జరగనివ్వకుండా ఆపిన శ్రమనూ లెక్కపెట్టరు.

ఇలాంటి వీధులు వందలు. కాగ్వాస్‌లోనూ ఇతర ఊళ్లలోనూ పరస్పర సహాయ కేంద్రాలు పుట్టాయి, ఉమ్మడి వంటశాలలు నడిచాయి. అద్‌హుంతాస్ కొండ పట్టణంలో కాసా ప్యూబ్లో సంస్థ సౌరఫలకాలున్న తన భవనంలో రోగుల యంత్రాలకు కరెంటు ఇచ్చింది. దీవి మొత్తానికి కరెంటు తిరిగి రావడానికి సుమారు పదకొండు నెలలు పట్టింది. ఆ ఖాళీని నింపినవాళ్లకు కూలి లేదు, పేరు లేదు.

సాయం విషయంలోనూ ఇదే అన్యాయం. ఇంటి మరమ్మతుకు డబ్బు కావాలంటే ఇల్లు తమదేనని కాగితం చూపమంది కేంద్ర విపత్తు సంస్థ ఫేమా. తాతల కాలం నుంచి కట్టుకుని ఉంటున్న ఇళ్లకు కాగితాలు ఎక్కడివి? వేలాది దరఖాస్తులు తిరస్కరించారు. ఆడవాళ్ల పేరుమీద పట్టా ఉండాలని మనం ఎందుకు ఇన్నేళ్లుగా అడుగుతున్నామో ఎవరైనా ప్రశ్నిస్తే ఈ ఒక్క సంగతి చెప్పండి చాలు.

ఇంట్లో హింస మాటేమిటి? ఫోన్ లేదు, రోడ్డు లేదు, దీపం లేదు. కొట్టినా ఫిర్యాదు చేసే దారి లేదు. కాబట్టి ఆ వారాల్లో ఫిర్యాదులు తక్కువుంటే హింస తగ్గిందని అర్థం కాదు. ప్యూర్టోరికో స్త్రీవాద సంఘం కొలెక్తివా ఫెమినిస్తా ఎన్ కన్‌స్త్రుక్సియోన్ 2018 నవంబరులో గవర్నరు భవనం ముందు బైఠాయించింది. తుపానుకు అత్యవసర పరిస్థితి ప్రకటిస్తారు కదా, మమ్మల్ని చంపుతుంటే ఎందుకు ప్రకటించరని అడిగింది. 2019 జులైలో గవర్నరు రోసెయ్యో, అతని సన్నిహితులు ఫోన్లలో రాసుకున్న మాటలు పరిశోధనాత్మక పాత్రికేయ కేంద్రం బయటపెట్టింది. 889 పేజీలు. ఆడవాళ్లమీద బూతులు, తుపాను మృతదేహాల మీద వేళాకోళం. జనం రోడ్లమీదికి వచ్చారు. రెండు వారాల్లో గవర్నరు రాజీనామా ప్రకటించాల్సి వచ్చింది. 2021 జనవరిలో అప్పటి గవర్నరు స్త్రీలమీద హింస విషయంలో అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. తుపానులో చెదిరిన ఆడవాళ్లు ఆ తుపాను భాషనే పట్టుకుని రాజ్యాన్ని నిలదీసి సాధించుకున్నారు.

మనం చేయాల్సింది

హెచ్చరిక వ్యవస్థల్ని నేను చిన్నచూపు చూడటం లేదు. 1977లో మన తీరంలో అధికారిక లెక్క ప్రకారమే సుమారు పదివేల మంది పోయారు. 1990 మే తుపానులో లక్షలమందిని ముందే తరలించబట్టి మృతులు వెయ్యి లోపున ఆగారు. ఆ తేడా ముందుచూపు తెచ్చినదే. నేను అడిగేది ఒక్కటే. తీరం దాటడంతో ఆ చూపు ఆగిపోకూడదు.

తుపాను ప్రాంతాల్లో పనిచేసే సంఘాలు ఇక మీదట మొదటి వారం మృతుల జాబితాతో సరిపెట్టుకోవద్దు. ఆరు నెలల పాటు ఊళ్లో పోయిన ప్రతి మనిషి పేరూ, వయసూ, ఏ మందు అందలేదో, ఏ ఆస్పత్రికి వెళ్లలేకపోయారో ఒక పుస్తకంలో రాయండి. దీనికి డాక్టరేట్లు అక్కర్లేదు. పొదుపు సంఘం లెక్కలు రాసే చేతులు చాలు. తుపానుకు ముందే ఊళ్లో ఇన్సులిన్, డయాలసిస్, కాన్పు అవసరమున్నవాళ్ల జాబితా తయారుచేసి, వాళ్ల బాధ్యత ఎవరిదో అధికారులతో రాయించుకోండి. సాయం ఇంటి కాగితాలతో ముడిపెట్టవద్దనీ, ఆడమనిషి చేతికే ఇవ్వాలనీ పట్టుబట్టండి. నష్టం అంచనా వేయడానికి వచ్చినవాళ్లు కూలిన చెట్లు లెక్కపెడతారు, చచ్చిన గేదెల్ని లెక్కపెడతారు. మోసిన నీళ్లనూ, చూసుకున్న రోగుల్నీ, పోయిన కూలి రోజుల్నీ లెక్కలో రాయించండి.

ఇది ఎప్పుడో అక్కరకొచ్చే పని కాదు. 2022 సెప్టెంబరులో ఫియోనా వచ్చి ప్యూర్టోరికో మొత్తాన్నీ మళ్లీ చీకట్లో ముంచింది. 2025 అక్టోబరు 28న అయిదో తరగతి హరికేన్ మెలిస్సా జమైకా తీరాన్ని తాకింది. ఆ మధ్యాహ్నం కూడా ప్రపంచం అంతా తెరమీద చక్రాన్ని చూసింది. చక్రం దాటిపోయాక ఎంతమంది చూస్తూ ఉండిపోయారు?

మరియా వెళ్లిన మర్నాడు ఊరికి ఫోన్ చేసి అమ్మమ్మకు ఇదంతా చెప్పాను. విమానాలు తుపాను కంట్లోకి వెళ్లాయంటే ఆశ్చర్యపోయింది. తర్వాత కాసేపు ఊరుకుని అంది: "మా అప్పుడు కూడా వచ్చి లెక్క రాసుకున్నారే అమ్మాయ్. ఉప్పెన రోజు పోయినోళ్లని రాసుకున్నారు. ఆ నీళ్లు తాగి, ఆ బెంగతో ఏడాది తిరక్కుండా పోయినోళ్లని ఎవరన్నా రాశారా? మా అత్తగారిని రాయలేదు. నా చంటోణ్ణి రాయలేదు."

ఆమె ముగ్గురిని కన్నదని మా ఇంట్లో అందరం అనుకునేవాళ్లం. నలుగురని నాకు ఆ రోజే తెలిసింది.